ఆరణాల చాటింపు

నారాయణఖేడ్ కచేరి నుంచి ఏ హుకుం బయలుదేరినా అది హనోకు గొంతులోంచే ఊళ్లకు చేరేది. ఆ తాలూకాలో చదువొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. వాళ్లకు వచ్చింది కూడా ఉర్దూయే. కచేరి గోడకు అంటించిన కాగితాలు ఎండకు పసుపుపచ్చబడి, వానకు నాని రాలిపోయేవి గాని వాటి ముందు నిలబడి చదివే మనిషి కనబడేవాడు కాదు. మిగతా జనానికి సర్కారంటే తలకు తువ్వాలు చుట్టుకుని, భుజాన డప్పు వేసుకుని ఊరి చావడి ముందు నిలబడే హనోకే.

అతని గొంతు మామూలు గొంతు కాదు. అతను చావడి దగ్గర మాట మొదలుపెడితే దూరాన కందిచేలలో వంగి కలుపు తీసే ఆడవాళ్లు నడుములెత్తి నిలబడేవారు. అంత దూరానా ఒక్క మాట పొల్లు పోయేది కాదు. తండ్రి బోరంచ పోచమ్మ జాతరలో డప్పు కొట్టేవాడు. మిషన్ వాళ్ల దగ్గర ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాక జాతర డప్పు ఆగిపోయింది. సర్కారీ డప్పు మాత్రం ఆగడానికి వీల్లేదు, అది వంశంలో నడుస్తున్న కొలువు. దాని కింద ఎకరానికి తక్కువైన రాళ్ల చెలక ఒకటి ఇనాంగా ఉండేది. కల్లాల మీద రైతులు నాలుగు గింజలు పెట్టేవారు. దూరపు ఊళ్లకు పోయి చాటితే ఊరికి ఒక అణా. తాతకు అదే అణా, తండ్రికి అదే అణా, హనోకుకూ అదే.

యుద్ధం మొదలై నాలుగేళ్లయింది. ఎవరు ఎవరితో కొట్లాడుతున్నారో ఖేడ్ జనానికి సరిగా తెలియదు. తెలిసిందల్లా, రూపాయికి పద్దెనిమిది శేర్లు వచ్చిన జొన్నలు ఆరు శేర్లకు పడిపోయాయని. కూలి మాత్రం మగవాడికి నాలుగణాలు, ఆడమనిషికి రెండున్నర. యుద్ధానికి ముందూ అంతే, ఇప్పుడూ అంతే. దాని మీద లెవీ వచ్చింది. పండిన దాంట్లో సర్కారు వాటా బండ్లకెత్తుకుపోయాక గరిసెల్లో అడుగు కనబడసాగింది. ఆ ఏడు వాన కూడా మొహం చాటేసింది. కల్లం మీద హనోకుకు గింజలు పెట్టే స్థితిలో రైతులు లేరు, పెట్టమని అడిగే మొహం హనోకుకూ లేదు. భార్య అక్కమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి పిండి చేసి అంబలిలో కలపడం నేర్చుకుంది.

దసరా దాటిన వారానికి కచేరి చప్రాసి కుతుబుద్దీన్ కబురంపాడు. అతను నలభై దాటినవాడు, ఉర్దూ చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు. కచేరిలో హనోకును పేరు పెట్టి మర్యాదగా పిలిచేది అతనొక్కడే. శిస్తు వసూళ్లు చూసే గిర్దావరు కుర్చీలో కూర్చుని కాగితం చదివితే, కుతుబుద్దీన్ పక్కన నిలబడి ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాడు. పట్నంలో సర్కారు కొత్త సంవత్సరం బజట్ ప్రకటించిందట. అందులో గరీబుల కోసం లక్షల రూపాయలు కేటాయించిందట.

"బజట్ అంటే ఏంది సాబ్?" అన్నాడు హనోకు బయటికి వచ్చాక.

"ఏడాది ముందుగాల్నే సర్కారు రాసుకుంటది. ఎంతొస్తది, ఎంత పోతది, దేనికి పోతది అని. మీ అక్కమ్మ అంగడికి పోయేముందు ఏమేం కొనాలె అని మనసుల అనుకోదా, గట్ల."

"పైసల్లేకున్నా అనుకుంటది సాబ్ ఆమె."

కుతుబుద్దీన్ నవ్వాడు. తర్వాత ఇద్దరూ వరండా కింద కూర్చుని, చాటవలసిన మాటలు హనోకుకు నోటికి వచ్చేదాకా వల్లె వేశారు.

చాటింపు కోసం హనోకు మూడు రోజులు తిరిగాడు. మొదటి రోజు కంగ్టి అంగడి, తర్వాత దారిలోని పల్లెలు, చివరికి నాగల్‌గిద్ద. ప్రతి ఊళ్లోనూ గడ్డి మంట పెట్టి డప్పు కాచుకుని, చావడి ముందు నిలబడి కొట్టేవాడు. ఇరవై ఏళ్ల కొలువులో అతను చాటినవన్నీ చెడ్డ కబుర్లే. శిస్తు గడువులు, జప్తులు, యుద్ధం చందా, కలరా వచ్చిందని, లెవీకి బండ్లు కట్టమని. అతని డప్పు వినగానే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. ఈసారి నోట్లో ఉన్న మాట తీయగా ఉంది. అది అతనికే వింతగా అనిపించింది.

"ఇనుండ్రో ఇనుండ్రి! సర్కారు హుకుం! ఈ సాలు బజట్‌ల గరీబోళ్ల కోసం లక్షల రూపాయలు పెట్టిండ్రు! ఖేడ్ కాడికెళ్లి పడమటి హద్దు దాంక సడక్ పని నడుస్తది! మొగోళ్లకు ఆరణాలు, ఆడోళ్లకు నాలుగణాలు! పని కాడ్నే సర్కారు ధరకు జొన్నలు! ఒచ్చే సోమారం సంది పని షురూ!"

నాగల్‌గిద్దలో జనం చావడి నిండా చేరారు. ముందు వరసలో పొడుగ్గా, ఎముకలు తేలిన మనిషి ఒకడు నిలబడ్డాడు. అతని పేరు మొగులప్ప. పక్కన అతని భార్య అమృతమ్మ.

"ఆరణాలా?" అన్నాడు మొగులప్ప. "హౌదా, నిజమేనా? మల్లొక్కసారి జెప్పన్నా."

హనోకు మళ్లీ చెప్పాడు. ఆ ముఖాలన్నీ తన నోటి వైపే చూస్తున్నాయి. తన మాటకు జనం ముఖాలు వెలగడం అతను ఎప్పుడూ చూసి ఎరగడు. గుండె నిండిపోయింది. డప్పు మీద ఇంకో దెబ్బ వేసి, కాగితంలో లేని మాట, గిర్దావరు చదవని మాట, తనంతట తాను గొంతెత్తి చాటాడు.

"ఎవ్వరు పస్తుండొద్దు! అందరు రాండ్రి!"

సోమవారం పొద్దుటికి ఖేడ్‌కు పడమట, ఊరు దాటిన చోట, రోడ్డు కోసం పాతి సున్నం కొట్టిన హద్దు రాళ్ల పక్కన రెండు వందల మంది దాకా కూర్చుని ఉన్నారు. కొందరు గంపలు తెచ్చుకున్నారు, కొందరు గడ్డపారలు. ముంతలు, చాపలు, పాలు తాగే పిల్లలు. పొద్దు నెత్తి మీదికి వచ్చినా మేస్త్రీ రాలేదు, జొన్నల బండి రాలేదు. మధ్యాహ్నం గిర్దావరు గుర్రం మీద వచ్చి, జనాన్ని చూసి ఆశ్చర్యపోయినట్టు గుర్రాన్ని ఆపాడు.

"ఇంత మందా? మంజూరు ఇంక రాలేదు. ఒస్తది. కూసోండ్రి," అని వెళ్లిపోయాడు.

జనం కూర్చున్నారు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. తిరిగిపోదామంటే ఇంట్లో ఏముంది? ఇక్కడైతే రేపో ఎల్లుండో ఆరణాలు. తెచ్చుకున్న రొట్టెలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆడవాళ్లు చెలకల వెంట తిరిగి తుమ్మికూర, గునుగు ఏరుకొచ్చి ఉప్పు లేకుండా ఉడికించుకున్నారు. అక్కమ్మ ఇంట్లో ఉన్న పిండి అంతా కాచి కుండతో అంబలి ఇచ్చింది. హనోకు దాన్ని మోసుకొచ్చి పోస్తుంటే పది మందికే కుండ ఖాళీ అయింది. పదకొండో మనిషి చాచిన చిప్పను అలాగే పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి పోయాడు.

గురువారం కచేరి నుంచి ఇంకో హుకుం వచ్చింది. ఊళ్లో పిల్లలకు మశూచి టీకాలు వేస్తారు, తీసుకురావాలి, అంతే. హనోకు చావడి ముందు నిలబడి ఎప్పటిలాగే మూడు దెబ్బలు వేశాడు. అప్పుడు ఊరి పడమటి వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది. గాలి అనుకున్నాడు. తల తిప్పి చూస్తే, రోడ్డు పక్కన కూర్చున్న రెండు వందల మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. గంపలు ఎత్తుకున్నారు. పిల్లల్ని చంకన వేసుకున్నారు. చీరలు, చాపలు, చెప్పులు లేని కాళ్లు, అన్నీ కలిసిన ఆ లేచిన చప్పుడు హనోకు వీపు మీద చల్లటి నీళ్లలా పడింది. వాళ్లు డప్పు వైపు నడిచి వస్తున్నారు.

"టీకాలు..." అన్నాడు హనోకు. "టీకాలేసే డాక్టరొచ్చిండు. పిల్లల్ని తోల్కరాండ్రి."

ముందున్నవాళ్లు విన్నారు. వెనకవాళ్లకు చెప్పారు. అందరూ ఒకరి వెనక ఒకరు తిరిగి వెళ్లి, ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. ఒక్కరూ తిట్టలేదు.

ఆ సాయంత్రమే హనోకు కుతుబుద్దీన్‌ను పట్టుకున్నాడు.

"సాబ్, గా మంజూరు ఎప్పుడొస్తది? నిజం జెప్పు."

కుతుబుద్దీన్ అటూ ఇటూ చూశాడు. "బజట్‌ల రాసిండ్రు హనోకూ. రాసినంత మాత్రాన పైకం కదలదు. పట్నంకెళ్లి జిల్లాకు రావాలె, జిల్లాకెళ్లి ఇక్కడికి రావాలె. నడుమ ఎన్ని సంతకాలో నాకే ఎరుక లేదు."

"మరి సాటింపు ఎందుకేపిచ్చిండ్రు?"

"చాటింపు ఏసినట్టు శుక్కురారంలోపల రిపోర్టు పంపాలె అని విడిగ హుకుం ఉండె. పంపినం." అతను తల దించుకుని బెల్టు మీది ఇత్తడి బిళ్లను వేలితో రుద్దాడు. "నా జీతం పెంచుతరని గూడ గా కాయితాలల్లనే ఉంది. మూడేండ్ల సంది ఉంది. నేను పద్నాలుగేండ్ల కింద నౌకరిల చేరినప్పుడు తొమ్మిది రూపాయలు. ఇగ ఇప్పుడు గూడ తొమ్మిదే. మా ఇంటామె కుబ్రా బీ నన్ను అడుగుడు బంద్ జేసింది."

మొగులప్పకు అప్పటికే జ్వరం వచ్చింది. వచ్చేటప్పుడు పందెం వేసినట్టు అందరికంటే ముందు నడిచిన మనిషి ఇప్పుడు హద్దు రాయి నీడలో చాప మీద ముడుచుకుని పడున్నాడు. అమృతమ్మ తడిబట్ట నుదుటి మీద వేస్తూ కూర్చునేది. శనివారం హనోకు అటు పోయినప్పుడు ఆమె చెయ్యెత్తి పిలిచింది.

"అన్నా, గా మాట ఒక్కపారి జెప్పరాదు ఈనకు. ఇంటికి పోదామంటే ఇంటలేడు. పని షురూ అయిందా అని పొద్దంత అడుగుతుండు. నువ్వు జెప్పింది ఇంటే జర నిమ్మళంగ పంటుండు."

"పని షురూ గాలే గద చెల్లె."

"నాకెరుక. పని షురూ అయిందనకు. ఊళ్లె జెప్పినవు గద, గదే జెప్పు."

హనోకు చాప పక్కన కూర్చుని, డప్పు లేకుండా, మెల్లగా చాటింపంతా చెప్పాడు. మొగోళ్లకు ఆరణాలు, ఆడోళ్లకు నాలుగణాలు, సర్కారు ధరకు జొన్నలు. మొగులప్ప కళ్లు మూసుకునే విన్నాడు. పిడికిళ్లు విడిపోయాయి. ఊపిరి నెమ్మదించింది. ఆ తర్వాత హనోకు రోజూ వచ్చాడు, అతను రోజూ విన్నాడు. ఆదివారం ప్రార్థనలో పాస్టరు చదివిన వాక్యం హనోకు చెవికి ఎక్కలేదు. ఆ ధ్వనిలో కూడా అతనికి ఆరణాలు, నాలుగణాలు అనే వినిపించింది.

తొమ్మిదో రోజు మంగళవారం. మధ్యాహ్నం ఎండలో అమృతమ్మ ఇంకొకరిని పరిగెత్తించి హనోకును పిలిపించింది. మొగులప్ప పెదవులు ఎండి చీలిపోయి ఉన్నాయి. హనోకు చాటింపు చెప్పాడు. చెప్పి ఆగాడు.

"ఆఖరుది," అన్నాడు మొగులప్ప. "ఆఖరు మాట జెప్పలే."

హనోకుకు అర్థమైంది. అది సర్కారు మాట కాదు. ఇన్ని రోజులూ అతను ఆ మాటను తప్పించి చెబుతూ వచ్చాడు.

"జెప్పన్నా," అంది అమృతమ్మ.

"ఎవ్వరు పస్తుండొద్దు," అన్నాడు హనోకు. "అందరు రాండ్రి."

మొగులప్ప ఔనన్నట్టు గడ్డం కదిపాడు. మళ్లీ కళ్లు తెరవలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. నాగల్‌గిద్దవాళ్లు అతన్ని రోడ్డుకు పక్కనే, కంకర కలిసిన మొరం నేలలో పూడ్చారు. రోడ్డు కోసం తెచ్చుకున్న గడ్డపారలు అప్పటిదాకా నేల తాకలేదు.

మరునాడు హనోకు గిర్దావరు ముందు నిలబడ్డాడు. కంగ్టి వైపు నుంచి ఇంకా జనం నడిచి వస్తూనే ఉన్నారు. ఆ పొద్దున కొత్తగా వచ్చిన ఇరవై మందిని అతను తన కళ్లతో చూశాడు.

"దొరా, పని లేదని సాటింపు ఏపియ్యుండ్రి. ఇంక ఒస్తుండ్రు. వాపసు పోతరు."

"పని లేదని ఎవడన్నడ్రా? బజట్‌ల ఉంది. రద్దు హుకుం రాలేదు. రద్దు గాని దాన్ని రద్దయిందని ఎట్ల చాటిపిస్త?"

"మనుషులు సస్తుండ్రు దొరా."

"నీ పని నువ్వు చేసుకో," అన్నాడు గిర్దావరు. అతను చెడ్డవాడు కాదు. అతని టేబుల్ మీద కూడా జవాబు రాని కాగితాలే ఉన్నాయి.

హనోకు ఇంటికి వచ్చి డప్పు దించి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కమ్మకు అతని మనసు తెలిసిపోయింది.

"హుకుం లేక సాటితే ఊకుంటరా? చెలక గుంజుకుంటరు."

"గుంజుకోనియ్యి. ఏం పండింది దాంట్ల?"

"నిన్ను గొడతరు."

"గా ఆఖరు మాట నాదే అక్కమ్మా. సర్కారుది గాదు. నేను రమ్మన్న. ఆయన ఒచ్చిండు."

ఆమె పొయ్యిలోంచి గడ్డి మంట తెచ్చి డప్పు కాచి ఇచ్చింది.

హనోకు ముందుగా రోడ్డు పక్క కూర్చున్నవాళ్లకు చాటాడు. వాళ్లు మూటలు కట్టుకుని ఊళ్లకు తిరిగిపోయారు. తర్వాత మూడు రోజులు, మునుపు తిరిగిన దారినే, అవే ఊళ్లలో, అవే చావళ్ల ముందు నిలబడి చాటాడు. "ఇనుండ్రో ఇనుండ్రి! ఖేడ్‌ల పని లేదు! మంజూరు రాలేదు! నేను జెప్పింది అబద్ధం! ఎవ్వరు రాకుండ్రి!" జనం వినీ విననట్టు చూశారు. సర్కారు డప్పు తన మాట తానే అబద్ధమనడం వాళ్లెవరూ మునుపెన్నడూ వినలేదు. నాగల్‌గిద్దలో అమృతమ్మ గుడిసె తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆమె లోపలుందని అతనికి తెలుసు. గొంతు తగ్గించలేదు. తలుపు కదల్లేదు.

తిరిగి వచ్చిన రోజే అతన్ని పట్టుకుపోయారు. సర్కారు మాటను అబద్ధమన్నాడని మూడు రోజులు కచేరి కొట్లో బంధించారు. వీపు మీద దెబ్బలు పడ్డాయి. డప్పు లాక్కున్నారు. చెలక, కొలువు ఇంకొకరి పేర రాశారు. కుతుబుద్దీన్ కొట్టు కిటికీలోంచి రొట్టె ముక్క అందించి, ఓపిక పట్టమంటూ "సబర్ జెయ్," అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. హనోకుకు దెబ్బలు అంతగా బాధించలేదు. వీపు మండుతున్నంతసేపూ లోపలి మాట వినపడేది కాదు. నొప్పి తగ్గాకే భయం వేసింది.

ఆ తర్వాత అతని చెవి అతనికి శత్రువైంది. పిచ్చుకల గుంపు చేనులోంచి లేస్తే తల తిప్పి చూసేవాడు. ఎండిన జొన్నసొప్ప గాలికి కదిలితే ఆగిపోయేవాడు. అది రెండు వందల మంది లేచి నిలబడిన చప్పుడు. వాళ్లు గంపలు ఎత్తుకుని తన వైపు వస్తున్నట్టే ఉండేది. పట్టపగలు, నడి బజారులో, పక్కన అక్కమ్మ ఉండగానే, "టీకాలు... టీకాలే," అని గొణిగేవాడు.

చలి ముదిరాక, రెండు నెలలకు, మంజూరు వచ్చింది.

వచ్చిందంటే సగమే వచ్చింది. బజట్‌లో రాసిన దాంట్లో ఎక్కడెక్కడో కోతపడి మిగిలింది తాలూకాకు చేరింది. ఆరణాలు లేవు. మగవాడికి నాలుగు, ఆడమనిషికి రెండున్నర. జొన్నలు మాత్రం నిజంగానే వచ్చాయి, రెండు బండ్లు. కొత్తగా కొలువులో చేరినవాడు డప్పు వేసుకుని ఊళ్లన్నీ తిరిగి చాటి వచ్చాడు. పని మొదలైంది. హనోకు, అక్కమ్మ కూడా గంపలు పట్టుకుని పోయారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మొరం మోస్తే ఇద్దరికీ కలిపి ఆరున్నర అణాలు, దాంతో ఆ రోజుకు సరిపడా జొన్నలు.

నాలుగు రోజులు గడిచాక హనోకు గంప దించి చుట్టూ చూశాడు. ఉన్నవాళ్లంతా ఖేడ్ వాళ్లు, బోరంచ వైపు వాళ్లు. పడమటి ఊళ్ల మనిషి ఒక్కడూ లేడు.

"కంగ్టోళ్లు రాలేదేంది?" అని మేస్త్రీని అడిగాడు.

"చాటింపు ఏసినోడు చెప్పిండు గద, ఒక్కడు గూడ నమ్ముతలేడంట. పని లేదు రావద్దని సర్కారు డప్పే చెప్పిపోయింది, ఇప్పుడేం పని అంటుండ్రంట." మేస్త్రీకి ఎదుట నిలబడ్డది ఎవరో తెలియదు. "కొందరు షోలాపూర్ దిక్కు పోయిండ్రు. ఉన్నోళ్లు గడ్డలు తవ్వుకొని తింటుండ్రు. ముసలోళ్లు, పసోళ్లు మస్తుమంది పోయిండ్రంట."

హనోకు అక్కడే మొరం కుప్ప మీద కూర్చుండిపోయాడు. తను రమ్మంటే వచ్చి చచ్చారు. తను వద్దంటే రాక చస్తున్నారు. రెండు మాటలూ అతను మంచికే చెప్పాడు. రెండూ తన గొంతుతోనే చెప్పాడు. అక్కమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పోయి జెప్పిరా," అంది.

"ఎవరు నమ్ముతరు?"

"నమ్మకుంటే మాయె. పోయి జెప్పు."

తెల్లవారి నాగల్‌గిద్దకు నడిచాడు. చేతిలో డప్పు లేదు. చావడి దగ్గర ఆగలేదు. ఇల్లిల్లూ తిరిగి, గుమ్మం ముందు నిలబడి, మామూలు గొంతుతో చెప్పాడు. కొందరు వినకుండానే తలుపు వేశారు. ఒక ముసలావిడ అతని మీద దుమ్మెత్తి పోసింది. చివరికి అమృతమ్మ గుడిసె ముందుకు వచ్చాడు. ఆమె బయటే కూర్చుని ఏదో గడ్డ చెక్కుతోంది. సగం మనిషి అయిపోయింది. తల ఎత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

"పని షురూ అయింది చెల్లె. నాలుగణాలే ఇస్తుండ్రు. ఆడోళ్లకు రెండున్నర. జొన్నలు ఇస్తుండ్రు."

"ఎవరు జెప్పిండ్రు నీకు?"

"ఎవ్వరు జెప్పలే. మోసిన."

అతను రెండు చేతులూ చాచాడు. అరచేతుల్లో బొబ్బలు చితికి, మొరం దుమ్ము చర్మంలో ఇంకిపోయి ఉంది. ఆమె కత్తి కింద పెట్టి ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. తర్వాత లోపలికి పోయి గంప తెచ్చుకుంది. వాడలో నాలుగిళ్ల ముందు ఆగి ఏదో మాట్లాడింది. ఆమె వెనక పదకొండు మంది బయలుదేరారు. ఆ పదకొండు మందిని చూసి మరునాటికి ఇంకొందరు వచ్చారు. కంగ్టి వైపు కబురు పోయేసరికి వారం పట్టింది.

రోడ్డు పని ఎండలు ముదిరేదాకా సాగింది. ఐదు మైళ్లు వేశాక పైకం అయిపోయిందని ఆపేశారు. అన్ని రోజులూ అమృతమ్మ హనోకుతో మాట్లాడలేదు. ఆమె రాళ్లు కొట్టే వరస వేరు, అతని వరస వేరు. ఆఖరి రోజు కూలి పంచాక, మూట కట్టుకుని పోతూ అతని దగ్గర ఆగింది.

"నిన్ను ఒకటి అడుగుదమనుకున్న, అడగలే. ఒకటి జెప్పాలనుకున్న, జెప్పలే. పోతున్న గద, జెప్తున్న."

"తిట్టు చెల్లె. తిట్టినా మంచిదే."

"నేను తిడ్దమనే ఉన్న. ఆయన తిట్టలే." ఆమె చూపు రోడ్డు మీద ఉంది. "నువ్వు ఒచ్చిపోయినంక పానం పోయేముందు ఒక్క మాట అన్నడు. గీ మనిషి గొంతు ఎంత మంచిగుందో అన్నడు. గంతే."

ఆమె వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే హనోకుకు ఆ తిట్టును మోసుకుంటూ బతకడం తెలిసేదేమో. ఈ మాటను ఎక్కడ దించుకోవాలో అతనికి బతికినన్నాళ్లూ తెలియలేదు.

రెండేళ్లకు కొత్త చాటింపువాడు కొలువు వదిలి షోలాపూర్ మిల్లుకు పోయాడు. కుతుబుద్దీన్ స్వయంగా హనోకు ఇంటికి వచ్చి, డప్పు, చెలక రెండూ వాపసు ఇస్తారట రమ్మన్నాడు. అణా అలాగే ఉందట, పెంచుతామని మాత్రం అంటున్నారట. హనోకు అతనికి మంచం వేసి, నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, రానన్నాడు. కుతుబుద్దీన్ బలవంతపెట్టలేదు.

అప్పటినుంచి హనోకు, అక్కమ్మ రైతుల చేలలో కూలికి పోయేవారు. హనోకు నలుగురిలో మాట్లాడటం తగ్గించేశాడు. ప్రార్థనలో పాట ఎత్తుకోమని పాస్టరు అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఎవరినీ ఎప్పుడూ కేక వేసి పిలిచేవాడు కాదు. చెప్పవలసింది ఎంత చిన్నదైనా, ఆ మనిషి ఎంత దూరాన ఉన్నా, నడిచి దగ్గరికి పోయి చెప్పేవాడు. ఒకసారి కంది కోతల్లో అక్కమ్మ చేను ఆ చివర ఉంది, అతను ఈ చివర ఉన్నాడు. నీళ్ల ముంత ఏ గట్టు మీద పెట్టిందో అడగడానికి కోసిన మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే చేనంతా దాటి వచ్చాడు.

"గింత దానికి గంత దూరం నడిచొస్తవా?" అంది అక్కమ్మ. "ఆడికెళ్లి పిలిస్తే ఇనపడదా నాకు?"

"ఇనపడ్తది," అన్నాడు హనోకు. ముంత చూపించుకుని, నీళ్లు తాగి, మళ్లీ ఆ చివరికి నడిచి వెళ్లాడు.